వరికోత మిషన్ కిరాయి ఎట్లా ఖరారు చేయాలి

సాగర్ ఎడమ కాల్వ కింద హాలియా, మిర్యాలగూడ వైపు పొలాలు దాదాపు ఒక్కసారే కోతకొస్తాయి. అన్నిటికీ సరిపోయే మిషన్లు ఉండవు. ఏ మడి ముందో కిరాయి తేల్చకపోతే పలుకుబడి తేలుస్తుంది. గింజ రాలుతున్న మడి ఆగిపోయి, పచ్చి తగ్గని మడిలో మిషన్ దిగుతుంది.

ముందు గంటకయ్యే ఖర్చు తీయండి. ట్యాంకు నిండా పోసి రెండు గంటలు కోసి మళ్లీ నింపితే డీజిల్ లెక్క తేలుతుంది. ఉదాహరణకు గంటకు 10 లీటర్లు, లీటరు 95 రూపాయలైతే 950. సీజన్ కిస్తీ 3 లక్షలు, నడిచేది 300 గంటలైతే 1,000. డ్రైవరు, హెల్పరు కూలి 300. బ్లేడ్లు, బెల్టులు, చైన్ అరుగుదల 250. మొత్తం 2,500. దీనికంటే తగ్గితే చైన్ తెగిననాడు మిషన్ గట్టు మీదే నిలబడుతుంది.

కిరాయి ఎకరానికి కాదు, గంటకే పెట్టండి. బురద మడికీ ఆరిన మడికీ ఒకటే రేటైతే ముందుగా నీళ్లు తీయాలని ఎవరికీ అనిపించదు. గంట లెక్కైతే వారం, పది రోజుల ముందే తీస్తారు. ఆరిన మడిలో తక్కువ కిరాయికి టైర్ల మిషన్ దిగుతుంది, టైర్లకు బదులు చైన్ మీద నడిచే మిషన్ బురద మడులకు మిగులుతుంది.

రోజుకు 10 గంటలు నడిస్తే 7 గంటలు వరస ప్రకారం 2,500కు, 3 గంటలు తొందర ఉన్నవాళ్లకు 3,000కు ఇవ్వండి. ఆ 3 గంటలకు ఎక్కువమంది వస్తే మర్నాటి నుంచి 200 పెంచండి, ఖాళీ ఉంటే తగ్గించండి. రేటు ముందురోజే పంచాయతీ ఆఫీసు దగ్గర రాసి పెట్టాలి. మనిషిని చూసి మారిస్తే ఎవరికి నిజంగా తొందరో తెలియదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి, పచ్చి వడ్లున్న రైతు 500 ఎక్కువిచ్చి తొందరపడడు, ఆగుతాడు.

చేతిలో డబ్బు లేని రైతు మడి కూడా రాలుతుంది. అతనికి రేటు తగ్గించకండి, వడ్ల పైసలు పడేదాకా గడువివ్వండి. 10, 15 గుంటల వాళ్లు పక్కపక్కన కలిసి బుక్ చేసుకుంటే మిషన్ వచ్చిపోయే ఖర్చు పంచుకోవచ్చు.

గంట లెక్కలో డ్రైవరు మెల్లగా నడిపే ప్రమాదముంది. మడిలో దిగేముందు, గట్టెక్కినాక మిషన్ గంటల మీటరు రీడింగు రైతూ డ్రైవరూ ఇద్దరూ రాసుకోవాలి. ట్రాలీ రాక ఆగిన టైం రైతుది, బెల్టు తెగి ఆగిన టైం ఓనరుది. అట్లని మరీ వేగంగా నడిపినా గింజ గడ్డితో పోతుంది. కోత వెడల్పంతా నాలుగైదు చోట్ల చదరపు మీటరు చొప్పున రాలిన గింజలు ఏరండి. సగటున 100 గింజలుంటే ఎకరానికి దాదాపు 8 కిలోలు పోయినట్టే. వేగం తగ్గించమని అక్కడే చెప్పాలి.