ఎండలు ముదరకముందే పిడుదుల పని పట్టండి

కుక్క చెవి మడత విప్పి చూస్తే బూడిదరంగులో శనగగింజంత కాయ ఒకటి కనబడుతుంది. పులిపిరి అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను. అది నెత్తురు తాగి ఉబ్బిన ఆడ పిడుదు. కొందరు గోమారి అంటారు, ఏ పేరైనా అదే పురుగు.

కుక్కను పట్టుకుని ఉన్నప్పటికంటే రాలిపడ్డాకే దానితో అసలు తలనొప్పి. కడుపు నిండగానే కిందికి దిగి, గోడ పగుల్లోకో గుమ్మం సందులోకో పాకి, వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఇళ్లలో ఎక్కువగా కనబడే గోధుమరంగు కుక్క పిడుదు ఒక్కటే 4000 దాకా గుడ్లు పెట్టగలదు. వాటిలోంచి ఆరు కాళ్ల పిల్లలు వస్తాయి, ఆవగింజకంటే చిన్నవి, కంటికి సరిగ్గా ఆనవు. వెచ్చగా ఉంటే రెండు మూడు నెలల్లో అవి పెద్దవై మళ్లీ గుడ్ల దాకా వస్తాయి. అందుకే ఒంటిమీద ఒకటీ అరా కనబడే రోజుల్లోనే మొదలుపెట్టాలి. ఎండలు ముదిరి, గోడల వెంట పైకి పాకుతూ కనబడేసరికి పని పదింతలవుతుంది.

సహజ పద్ధతి అనగానే అందరూ ఏ నూనె రాయాలని అడుగుతారు. నన్నడిగితే ముందు వేళ్లు, తర్వాత చీపురు, ఆ తర్వాతే నూనె.

రోజుకోసారి, బయట తిరిగొచ్చాక అయితే మరీ మంచిది, కుక్కను పక్కన పడుకోబెట్టుకుని వేళ్లతో వెంట్రుకలకు ఎదురుగా నిమరండి. కళ్లకంటే వేళ్లకే ముందు తెలుస్తుంది. చెవుల లోపల, కనురెప్పల అంచున, మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో, కాలివేళ్ల మధ్య చూడాలి. కాలివేళ్ల మధ్య చూడ్డం మాత్రం అందరూ మర్చిపోతారు. పేలదువ్వెన లాంటి సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే చిన్నవి కూడా దొరుకుతాయి. బబీసియా లాంటి కొన్ని క్రిములు కుక్కలోకి ఎక్కడానికి పిడుదు ఒకటి రెండు రోజులు పట్టుకుని ఉండాలి కాబట్టి రోజువారీ తనిఖీ బాగా పనికొస్తుంది. ఎర్లీకియా అనే ఇంకో క్రిమి మాత్రం కొన్ని గంటల్లోనే ఎక్కేయగలదు. అంటే ఏరుతున్నాం కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండడానికి లేదు.

పీకేటప్పుడు సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, పొట్ట నొక్కకుండా మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం వద్దు. అలా చేస్తే పిడుదు తన లాలాజలాన్ని కుక్క ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది, కుక్క చర్మం కాలేది సరేసరి. మూతి ముక్క లోపల మిగిలితే తవ్వకండి, చాలావరకు అదే బయటికొస్తుంది. పీకినదాన్ని గోళ్లతో చిదమొద్దు, స్పిరిట్‌లో వేయండి. కుక్క తనంతట తాను కొరికి మింగినా నష్టమే, హెపటోజూనోసిస్ అనే జబ్బు పిడుదును మింగడం వల్లే వస్తుంది.

ఇక ఇల్లు. పెద్ద పిడుదులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, కాబట్టి కుక్కను నాలుగు రోజులు వేరేచోట ఉంచితే అవే పోతాయనుకోవద్దు. అది పడుకునే గుడ్డలు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకాలి. గోడ మూలలు, మంచం కోళ్లు, తలుపుల సందులు చీపురుతోనో వాక్యూమ్‌తోనో గీకి, ఊడ్చిన చెత్తను వెంటనే సంచిలో మూతి బిగించి పారేయండి. పగుళ్లలో మరిగే నీళ్లు పోశాక, ఆరనిచ్చి సిమెంటో పుట్టీయో పెట్టి పూడ్చేయండి. నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఈ పూడ్చడమే. ఈ రోజు ఊడ్చాక మిగిలిన గుడ్లు కొన్ని వారాల తర్వాత పొదుగుతాయి, అందుకే ఒక్కరోజు ఊడ్చి ఊరుకోకుండా రెండు మూడు నెలలు వరసగా చేయాలి. పెరట్లో గడ్డి పొట్టిగా ఉంచండి. పిడుదులు ఎగరవు, దూకవు. గడ్డికొసన కాళ్లు చాచుకుని కూర్చుని, ఆనుకుంటూ వెళ్లే జంతువును పట్టుకుంటాయి.

నూనెల్లో వేపనూనెకు పిడుదుల్ని దగ్గరికి రానివ్వని గుణం కొంత ఉంది. కొంతే. కనీసం పదింతల కొబ్బరినూనెలో కలిపి, ముందు ఒకచోట కొంచెం రాసి, ఒకరోజు ఆగి చర్మం ఎర్రబడకపోతేనే మిగతాచోట్ల పలచగా రాయండి. పుండ్లమీద, కళ్ల దగ్గర వద్దు. నాకితే వాంతులవుతాయి, ఆరేదాకా కాపలా ఉండాలి. పిల్లి ఉన్న ఇంట్లో అయితే ఇంకా జాగ్రత్త. వెనిగర్ స్ప్రే గురించి చాలా వింటాం, నాకు దానిమీద నమ్మకం లేదు. మామూలు షాంపూ స్నానం ఒంటిమీద తిరిగేవాటిని కడిగేస్తుంది గానీ పట్టుకున్నవాటిని కదిలించలేదు.

సహజమైనవే అయినా దగ్గరికి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. వెల్లుల్లి తినిపిస్తే పిడుదులు రావని చెబుతారు, అది కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. కర్పూరం, పొగాకు నీళ్లు, టీ ట్రీ నూనె కుక్కకు విషం. ఇవన్నీ చెట్టునుంచి వచ్చేవే.

కుక్క ఒంటినిండా పిడుదులుంటే, లేదా ఇప్పటికే ఒకసారి పిడుదు జ్వరం వచ్చి ఉంటే, నూనెలతో ప్రయోగాలు చేయకుండా పశువైద్యుడిని అడిగి మాత్రలో, మెడమీద వేసే చుక్కలో వాడండి. చుక్కలు వేసినప్పుడు వేపనూనె ఆపేయండి. ఇంటి శుభ్రత, రోజువారీ తనిఖీ మాత్రం మందు వాడుతున్నా ఆపొద్దు.

పిడుదును పీకిన ప్రతిసారీ క్యాలెండర్‌లో ఆ తేదీ దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత మూడు వారాల్లో కుక్క తిండి మానేసినా, జ్వరంతో మూల పడుకున్నా, చిగుళ్లు తెల్లబడినా, ముక్కునుంచి నెత్తురు కారినా, మూత్రం ముదురు గోధుమరంగులో వచ్చినా రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, ముందుగా ఆ తేదీ చెప్పండి. రక్తపరీక్ష ఏది చేయాలో డాక్టరుకు త్వరగా తడుతుంది.