కాలేజీ పాటల బృందం పూర్వ విద్యార్థుల సంఘం: సమస్యలు, పరిష్కారాలు

విశాఖపట్నంలో మా కాలేజీ బృందగానం జట్టులో పాడినవాళ్లమంతా సంఘంగా ఏర్పడ్డాక రెండుసార్లు అది మూతపడే దాకా వచ్చింది. రెండుసార్లూ డబ్బు లేదనో, జనం రావడం లేదనో అనుకున్నాం. నిజానికి మేము కలిసి పాడటం మానేశాం. మీ సంఘం నీరసించిందనిపిస్తే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: అందరూ కలిసి ఒక పాట పూర్తిగా పాడి ఎన్నాళ్లయింది?

గ్రూపులో వందమంది, సమావేశానికి ఎనిమిదిమంది

వాట్సాప్‌లో శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు ఆగవు. సమావేశం అనగానే మౌనం. ప్రసంగాలకీ శాలువాలకీ పిలిస్తే పాటగాళ్లు రారు. పిలుపులోనే పాట ఉండాలి. "ఆదివారం కలుద్దాం" అని కాక, "ఆదివారం తొమ్మిదికి ఫలానా పాట రెండు చరణాలు పూర్తి చేద్దాం, సాహిత్యం ఇదిగో" అని రాయండి. మాకు తేడా మొదటి నెలలోనే కనిపించింది.

ఇంకో కారణం దూరం. సాధన ఎప్పుడూ ఎంవీపీ కాలనీలోనో సిరిపురంలోనో పెడితే గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు రెండోసారి రారు. ఒక నెల ఇటు, ఒక నెల అటు పెట్టండి. స్టీల్ ప్లాంటులో పనిచేసే సభ్యుల షిఫ్టులు కనుక్కున్న తర్వాతే తేదీ ఖాయం చేయండి. డిసెంబరు 4 నేవీ డే. ఆ రోజూ, నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ జరిగే రోజుల్లోనూ బీచ్ రోడ్డు వైపు కార్యక్రమం వద్దు. మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి అమ్మవారి భక్తులతో పాత నగరం నిండిపోతుంది, అక్కడ హాలు తీసుకోవద్దు. వార్షిక కలయికకు నా అనుభవంలో మంచి రోజు ముక్కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, పండుగకు ఇంటికి వచ్చినవాళ్లు ఆ సాయంత్రానికి ఇంకా ఊళ్లోనే ఉంటారు.

పల్లవి బాగుంటుంది, చరణంలో గొంతులు ఆగిపోతాయి

సంఘాలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, కానీ దీన్ని ఎవరూ పైకి చెప్పుకోరు. పాట తారస్థాయికి, అంటే పై స్వరాలకు, చేరేసరికి సగంమంది పెదవులు మాత్రమే కదుపుతారు. వచ్చే నెల ఏదో ఒక కారణం చెప్పి మానేస్తారు. ఆసక్తి లేక కాదు, ఒకప్పుడు బాగా పాడిన చోటే పాడలేకపోయామన్న బాధ.

కారణం పాత శ్రుతే, అంటే పాటకు ఆధారంగా పెట్టుకున్న స్వరం ఎత్తు. అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తవుతుంది. ఇరవై ఏళ్లలో గొంతు మారుతుంది, పై స్వరాలు బరువవుతాయి. కాలేజీలో మూడు శ్రుతిలో పాడిన పాటలను మేము రెండుకు దించాం. శ్రుతి దించడం ఓటమి అని వాదించినవాళ్లు కూడా ఆ రోజు చరణం చివరిదాకా పాడారు. ఆడవాళ్లు ఐదు శ్రుతికీ మగవాళ్లు ఒకటికీ అలవాటుపడి ఉంటే, మధ్యలో ఎక్కడ పెట్టినా ఒకరికి ఎత్తు, ఒకరికి పల్లం అవుతుంది. పల్లవి అందరికీ ఉంచి, చరణాల్లో పై వరుసలు, కింది వరుసలు పంచండి. మొదటి పది నిమిషాలు మొదటి కాలంలో, అంటే నిదానంగా, సరళీ వరుసలు పాడించండి. అపస్వరం పడినవారిని అందరి ముందూ ఆపకండి. విరామంలో హార్మోనియం వాయించేవారు పక్కన కూర్చుని ఆ ఒక్క సంగతి చూపిస్తే చాలు.

వీడియో కాల్‌లో కలిసి పాడితే గందరగోళం

శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తాళం కలవడం సాధ్యం కాదు. ఒకరు పాడుతుంటే మిగతావారు మైకు ఆపి, విని పాడుకోవాలి. తర్వాత శ్రుతి, తాళం ఉన్న ఒకే ట్రాకును చెవిలో వింటూ ఎవరి గొంతు వారు రికార్డు చేసి పంపితే ఒకరు కలపవచ్చు. మన ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు అమెరికాలో శనివారం రాత్రి, ఇద్దరికీ వీలవుతుంది.

చందా అడిగితే అనుమానాలు

సొమ్ము కోశాధికారి సొంత ఖాతాలో ఉంటే ఎంత నిజాయితీపరులకైనా మాట పడక తప్పదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత సంఘం పేర పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు. ఒక్క జాగ్రత్త: భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్న సభ్యులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, కాలేజీ మిత్రులే అయినా, అది విదేశీ విరాళమే. కేంద్ర హోం శాఖ అనుమతి లేకుండా తీసుకోకూడదు.

కొత్త బ్యాచ్‌లు చేరడం లేదు

సంఘమంటే పెద్దల జ్ఞాపకాల సభ అని వాళ్లకు అర్థమైపోయింది. కార్యవర్గంలో రెండు స్థానాలు గత అయిదేళ్లలో చదువు ముగించినవారికి ఇవ్వండి, ఉద్యోగం వచ్చేదాకా చందా అడగవద్దు. అంతకన్నా ముఖ్యం, కాలేజీలో ఇప్పుడు పాడుతున్న పిల్లల దగ్గరికి మనమే వెళ్లడం. ఆ బృందం ఆగిపోతే మన సంఘానికి ఏటా వయసు పెరగడమే తప్ప మనుషులు పెరగరు.

వెళ్లి ఏం చేయాలి? విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో భారతీయ బృందగానం పోటీకి గరిష్ఠంగా ఆరుగురు గాయకులు, ముగ్గురు వాద్యకారులు, పది నిమిషాలు. సినిమా పాటలు కుదరవు. పిల్లలకు ఎక్కువగా తెలిసినవి సినిమా పాటలే. లలితగీతాలు, జానపదాలు మన పాత నోటు పుస్తకాల్లో ఉన్నాయి. మన దగ్గరున్నదీ వాళ్లకు కావలసిందీ ఒకటే అయిన చోటు ఇది.

మేము అలా ఒక జానపదం ఇచ్చాం. రెండో చరణం వరుస మాలో ఎవరికీ గుర్తులేదు. పాత క్యాసెట్ తీస్తే సముద్రపు తేమకు టేపు అంచున తెల్లని బూజు. మీకూ అలా దొరికితే టేప్ రికార్డర్‌లో పెట్టకండి. బూజు హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని విడిగా సంచిలో ఉంచి, శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి ఇవ్వండి. మా క్యాసెట్‌లో ఆ చరణం దొరికింది. పిల్లలు మాకన్నా ముందు పట్టేశారు. ఇప్పుడు ఆదివారం సాధనలో ఆ వరుస మాకు నేర్పుతున్నది వాళ్లే.