విరామం తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరాలనుకునే తిరుపతి స్త్రీలకు

1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి తిరుపతిలో పట్టభద్రులైన స్త్రీలకు కొదవ లేదు. అయితే పెళ్ళి, కాన్పుల తర్వాత ఉద్యోగం మానేసినవారు తిరిగి చేరాలనుకున్నప్పుడు చదువు కంటే వేళలే పెద్ద అడ్డంకిగా నిలుస్తాయి. అందువల్ల దరఖాస్తు పెట్టడానికి ముందే, పిల్లలను బడి ఆటో ఎక్కించేది ఎవరు, సాయంత్రం మీరు వచ్చేదాకా చూసుకునేది ఎవరు, జ్వరం వస్తే సెలవు పెట్టేది ఎవరు అన్న విషయాలను భర్తతోనూ అత్తమామలతోనూ కూర్చుని తేల్చుకోండి. "చూద్దాంలే" అన్న మాటను ఒప్పుకోలుగా లెక్కవేయకండి.

ఈ ఊరికే ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. కొండకు వచ్చే బంధువులు ఏడాది పొడవునా మన ఇంట్లోనే దిగుతారు. వారికి తెల్లవారుజామున కాఫీలు, దర్శనం నుంచి ఎప్పుడు తిరిగివస్తారో తెలియని భోజనాలు, వెళ్ళేటప్పుడు దారికి పులిహోర, వీటన్నిటికీ ఖర్చయ్యేది ఇంటి ఇల్లాలి సెలవులే. బంధువులను రావద్దనడం మన మర్యాద కాదు, అలా అనమని సలహా ఇవ్వడం కూడా నాకిష్టం లేదు. కానీ మీ పనివేళలను ముందే ఫోనులో చెప్పి, తాళంచెవి ఒకటి వారికి ఇచ్చే ఏర్పాటు చేసి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి సెలవు పెట్టవలసి వస్తే భార్యాభర్తలు వంతులవారీగా పెట్టాలని నియమం చేసుకోవచ్చు. మొదటి ఏడాది ఇది కొందరికి కష్టంగా తోచినా, తర్వాత అలవాటవుతుంది.

ఉద్యోగం వెతికేటప్పుడు జీతంతో పాటు షిఫ్టులనూ ప్రయాణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. శ్రీసిటీ పరిశ్రమల్లో అవకాశాలున్నా, తిరుపతి నుంచి రోజూ వెళ్ళిరావడం రేణిగుంట వెళ్ళిరావడం లాంటిది కాదు. కంపెనీ బస్సు ఎక్కడ ఎక్కించుకుంటుందో, రాత్రి ఎన్నింటికి దింపుతుందో అడిగి తెలుసుకోండి. పని మానేసిన సంవత్సరాలను దరఖాస్తులో దాచకుండా రాసి, ఆ మధ్యకాలంలో మీ రంగంలో వచ్చిన మార్పులను నేర్చుకుని వెళ్ళండి. ఉదాహరణకు, 2017 జులైకి ముందు అకౌంట్స్ పని మానేసినవారు జీఎస్టీ నేర్చుకోకుండా ఇంటర్వ్యూకు వెళితే ప్రయోజనం ఉండదు.

చేరిన తర్వాత జీతం, వేళలు, సెలవుల గురించిన హామీలన్నిటినీ నియామక పత్రంలోనో ఈమెయిల్‌లోనో రాయించుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతనంతో కూడిన ప్రసూతి సెలవు లభిస్తుంది, కానీ కాన్పు అంచనా తేదీకి ముందటి 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. లైంగిక వేధింపులు ఎదురైతే, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీకి, అంతకన్నా చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి, సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి; తేదీలను, సందేశాలను భద్రపరచండి.

ఆరు నెలలు గడిచాక, ఈ పనిలో కొత్తగా ఏం నేర్చుకున్నారో చూసుకోండి. జీతం సరిపోతున్నా నేర్చుకునేది ఏమీ లేకపోతే, మరో విభాగానికి మార్చమని అడగడానికి సంకోచించవద్దు. జీతం పడే ఖాతా మాత్రం మీ ఒక్కరి పేరు మీదే తెరవండి. ఇంటి ఖర్చుకు ఇవ్వదలచిన మొత్తాన్ని అక్కడి నుంచి నెలనెలా ఉమ్మడి ఖాతాకు పంపవచ్చు.