కజిమ్యెష్ దోల్నీ చూడాలంటే ఏటి గట్టు నుంచి మొదలుపెట్టండి

బెజవాడ, గుంటూరు నుంచి పోలండ్‌కి చదువులకి వెళ్ళిన పిల్లలు ఇప్పుడు బాగానే ఉన్నారు, వాళ్ళని చూసి రావడానికి వెళ్ళే అమ్మానాన్నలూ ఉన్నారు. అందరూ వార్సా, క్రాకవ్ చూసి ఫోటోలు పెడతారు. పిల్లలు ఉండేది వార్సాలోనో లుబ్లిన్‌లోనో అయితే మాత్రం ఒక రోజు కజిమ్యెష్ దోల్నీకి కేటాయించమంటాను. విస్తులా నది పక్కన రెండున్నర వేల జనాభా ఉన్న చిన్న ఊరు. ఒక్క పూటలో తిరిగేయచ్చు, కానీ ఏం చూస్తున్నామో తెలియకపోతే "బాగుంది" అనుకుని ఐస్‌క్రీం తిని వచ్చేస్తాం. అందుకే ఏ వరసలో చూస్తే ఊరు అర్థమవుతుందో రాస్తున్నాను.

మొదటి పని ఇంట్లోనే, ఫోన్లో. మ్యాప్‌లో గ్దాన్‌స్క్ పట్టుకోండి, సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడి నుంచి విస్తులా వెంట వేలు పెట్టి ఎగువకి రండి. వార్సా దాటాక, పువావీ దాటగానే తూర్పు గట్టున మన ఊరు. ఈ గీత బుర్రలో ఉంటే చాలు, ఎందుకంటే 16, 17 శతాబ్దాల్లో ఈ ఊరి డబ్బంతా ఆ గీత మీదే నడిచింది. చుట్టుపక్కల పండిన ధాన్యం ఇక్కడికి చేరేది, ఇక్కడ నిలవ చేసి, నీళ్ళు అనువుగా ఉన్నప్పుడు పడవల్లో గ్దాన్‌స్క్‌కి దించేవారు, అక్కడి నుంచి ఓడల్లో పడమటి దేశాలకి. ఒకప్పుడు మన కాలవల్లో పడవల మీద ధాన్యం వెళ్ళేదని మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చెప్పి ఉంటే ఇది ఇట్టే పడుతుంది.

అందుకని బస్సు దిగి అందరితో పాటు నేరుగా మార్కెట్ చౌక్‌కి వెళ్ళకండి. ముందు ఏటి వైపు నడవండి, గట్టు మీద నుంచి ధాన్యం కొట్లు చూడండి. స్థానికంగా దొరికే తెల్లటి సున్నపురాయితో కట్టిన పెద్ద పెద్ద కట్టడాలు, చిన్న కిటికీలు, నిటారుగా లేచిన కప్పులు, పక్క గోడల పైభాగంలో చుట్టలు తిరిగిన నగిషీ. గింజలు పోసుకునే కొట్టుకి ఇంత సోకెందుకు అనిపిస్తుంది. పడవలో వచ్చేవాడికి ముందు కనపడేది ఇదే కదా, మరి యజమాని స్థాయి చూపించుకోవద్దూ! ఒకప్పుడు ఇలాంటివి పదుల్లో ఉండేవి, ఇప్పుడు మిగిలినవి కొన్నే. పువావీ వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒకదాంట్లో ప్రకృతి మ్యూజియం పెట్టారు, ఇంకో దాంట్లో బస చేయచ్చు. ఆ మ్యూజియం ఉన్న కొట్టు 1591లో మికోవాయ్ ప్షిబివా అనే ఆయన కట్టించింది. ఇంటిపేరు గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే పని పడుతుంది.

ఇప్పుడు చౌక్‌కి రండి. ఒక పక్క ఒకదాన్నొకటి ఆనుకుని రెండు ఇళ్ళు, కింద వంపు తిరిగిన స్తంభాల వసారా, పైన గోడ నిండా బొమ్మలు. ప్షిబివా అన్నదమ్ముల ఇళ్ళవి, 1615 నాటివి. ఒకరు మికోవాయ్, ఇంకొకరు క్షిష్టోఫ్. మికోవాయ్ అంటే నికొలస్, క్షిష్టోఫ్ అంటే క్రిస్టఫర్. ఒక ఇంటి మీద సెయింట్ నికొలస్ శిల్పం, రెండో ఇంటి మీద పసి క్రీస్తుని భుజాన ఎక్కించుకున్న సెయింట్ క్రిస్టఫర్, అంటే ఎవరి పేరుగల సెయింట్ వాళ్ళ గోడ మీద. కొట్లో ధాన్యం, ఊరి నడిబొడ్డున ఈ ఇళ్ళు, లెక్క సరిపోయింది. ఇక్కడ కనీసం పది నిమిషాలు తల పైకెత్తి నిలబడండి, అసలు సంగతంతా పైనే ఉంది. కప్పుని దాచేస్తూ లేచిన ఆ పిట్టగోడ పోలండ్ రెనసాన్స్ (16, 17 శతాబ్దాల్లో నడిచిన కట్టడ శైలి) ఇళ్ళకి ముఖ్యమైన గుర్తు. అందం ఒక కారణమైతే, చెక్క పెంకుల కప్పులున్న కాలంలో ఒక ఇంటి మంట పక్కింటికి పాకకుండా ఆపడం రెండో కారణం. సెనతోర్స్క వీధిలోకి వెళ్తే ట్సెలెయ్ ఇల్లు ఉంది, 1635 ప్రాంతానిది. దాని పిట్టగోడ ఇంటికన్నా పెద్దదేమో అనిపిస్తుంది, నాకైతే ఊళ్ళో అన్నిటికన్నా అదే నచ్చుతుంది. లోపల మ్యూజియం.

ఒక జాగ్రత్త. చౌక్‌లో కనపడేవన్నీ నాలుగొందల ఏళ్ళవి అనుకోవద్దు. మధ్యలో చెక్క కప్పు వేసిన బావి పాత కాలం దానిలాగే ఉంటుంది గానీ 20వ శతాబ్దం మొదట్లో వేసిన డిజైన్ అది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఊరు బాగా దెబ్బతింది, చాలా ఇళ్ళు తిరిగి కట్టినవే. ఆ పనిలో పెద్ద చెయ్యి కరోల్ షిచిన్‌స్కి అనే ఆర్కిటెక్ట్‌ది. పాతదానికీ పాత పద్ధతిలో కట్టిన కొత్తదానికీ తేడా పట్టడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు: రాతి చెక్కుడు అరిగిందా, కిటికీలన్నీ ఒకే కొలతలో ఉన్నాయా, గోడ మందం ఎంత, ఇవి చూడండి. కావాలంటే బయల్దేరే ముందు బెజవాడ వన్ టౌన్ సందుల్లో పాత డాబాల మీద ఓ సాయంత్రం ప్రాక్టీసు చేయండి.

చౌక్ పైన చర్చి ఉంది. మొదట గోతిక్ (అంతకు ముందటి మధ్యయుగపు శైలి) కట్టడం. 1585 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టారు, 1610 నుంచి 1613 దాకా యాకుబ్ బలిన్ అనే మేస్త్రీ మళ్ళీ పని చేశాడు. లోపల పైకప్పు చూడండి, సున్నపు నగిషీ పట్టీలు వేసి గళ్ళు, నక్షత్రాలు తీర్చారు. దీన్ని లుబ్లిన్ రెనసాన్స్ శైలి అంటారు. చర్చిలో వాయించే గొట్టాల వాద్యం ఆర్గన్ 1620 నాటిది, దేశంలో బాగా పాతవాటిలో ఒకటి. ప్రార్థన జరుగుతుంటే ఫోన్ జేబులో పెట్టేయండి.

ఇంత వైభవం ఏమైందంటారా. 1656లో స్వీడన్ సేనలు ఊరిని తగలబెట్టాయి. ఆ పైన 18వ శతాబ్దం చివర్లో పోలండ్‌ని పక్క రాజ్యాలు పంచుకున్నాక గ్దాన్‌స్క్ ఒకరి చేతిలో, ఈ ఊరు ఇంకొకరి చేతిలో పడి ధాన్యం దారి తెగిపోయింది. 1869లో పట్టణ హోదా కూడా తీసేశారు, మళ్ళీ వచ్చింది 1927లో. నన్నడిగితే ఊరు ఇలా మిగలడానికి ఆ పేదరికం కూడా ఒక కారణం. చేతిలో డబ్బుంటే పాతవి కూలగొట్టి కొత్తవి కట్టేసేవారు.

చాలామంది వదిలేసే భాగం ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ఊళ్ళో దాదాపు సగం మంది యూదులు. చౌక్ వెనక చిన్న మార్కెట్ దగ్గర 18వ శతాబ్దపు సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం ఉంది, యుద్ధం తర్వాత దాన్ని సినిమా హాలు చేశారు. నాజీలు ఇక్కడి యూదులని ముందు ఘెట్టోలో, అంటే విడిగా కట్టడి చేసిన పేటలో పెట్టి 1942లో చావు శిబిరాలకి పంపారు, వాళ్ళ సమాధి రాళ్ళు పీకి నేల మీద పరిపించారు. ఆ రాళ్ళని తర్వాత ఏరి, 1984లో ఊరి బయట చెర్న్యావి శ్మశానం దగ్గర ఒక గోడలా నిలబెట్టారు, నిలువునా పగులు వదిలి. నడిచి వెళ్ళచ్చు. ఇది చూడకపోతే ఊరి చరిత్ర సగమే చూసినట్టు.

కోట ఆఖరున. కోట శిథిలమే గానీ దాని పైన విడిగా ఉన్న గుండ్రటి బురుజు ఎక్కండి. ఎత్తు 20 మీటర్లు, గోడ మందం 4 మీటర్లు, తలుపు నేలకి 6 మీటర్ల పైన. శత్రువు వస్తే నిచ్చెన లాగేసుకుంటే సరి. పైనుంచి పొద్దున మ్యాప్‌లో చూసిన ఏరంతా కనపడుతుంది, అవతలి గట్టున యానోవ్యెత్స్ కోట కూడా. ఓపిక ఉంటే పక్కనే మూడు శిలువల కొండ, 18వ శతాబ్దం మొదట్లో ప్లేగుతో పోయినవాళ్ళ గుర్తుగా శిలువలు పెట్టారు.

ఇక మిగతావి. లుబ్లిన్ నుంచి నేరుగా బస్సులున్నాయి, వార్సా నుంచి అయితే రైల్లో పువావీ దాకా వెళ్ళి బస్సు మారచ్చు. పోలండ్‌లో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు, ఎండాకాలం శని ఆదివారాలు వార్సా జనం విరుచుకుపడతారు, కాబట్టి మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోండి. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది, తొందరగా బయల్దేరాలి. నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది, అమ్మానాన్నలకి చెప్పులు వద్దు, బూట్లే. శాకాహారులు బంగాళదుంప, చీజ్ పెట్టిన పియెరోగి (కజ్జికాయల్లా మడిచి ఉడికించేవి) అడగండి, వేపిన పందిమాంసం ముక్కలు పైన వేయొద్దని ముందే చెప్పాలి. కోడిపుంజు ఆకారంలో చేసే బ్రెడ్ ఈ ఊరి ప్రత్యేకత, దారిలో తినడానికి కొనుక్కోండి, చప్పగానే ఉంటుంది గానీ కారప్పొడి సంచిలో ఉండే ఉంటుందిగా. తిరుగు బస్సు టైములు దిగగానే స్టాండులో ఫోటో తీసిపెట్టుకోండి.