వెన్న నుంచి నెయ్యి దాకా – 3వ పాఠం: కాచేటప్పుడు చెవి పెట్టండి

మొదటి పాఠంలో మీగడ పోగేశాం. రెండో పాఠంలో దానికి తోడేసి, చిలికి, వెన్న తీశాం. ఇప్పుడు మీ దగ్గర చల్లటి నీళ్ళల్లో కడిగిన వెన్నముద్ద ఒకటి ఉండాలి. ప్యాకెట్ పాలకి మీగడ సరిగ్గా కట్టక అక్కడే ఆగిపోయినవాళ్ళు ఉప్పు వేయని వెన్న కొని తెచ్చుకోండి. ఈ పాఠం దానితో కూడా ఇలాగే నడుస్తుంది.

వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టు అంటారు. నిజంగానే చాలామంది వెన్న తీసేదాకా వచ్చి, కాచడం దగ్గర భయపడి డబ్బా నెయ్యి కొనేస్తారు. మాడిపోతుందేమోనని టెన్షన్. పది రోజులు పోగేసిన మీగడ రెండు నిమిషాల్లో పాడైతే బాధే కదా. నాకూ అలా ఒకసారి మాడింది. గడియారం చూసుకుంటూ కాచాను, అదే తప్పు. అంతకుముందు సారి ఇరవై నిమిషాలు పట్టిందని ఈసారీ ఇరవై నిమిషాలు ఉంచాను. కానీ ఆ రోజు వెన్న తక్కువ, మంట ఎక్కువ.

మా అమ్మమ్మకి చివరి రోజుల్లో శుక్లాలు వచ్చి చూపు బాగా తగ్గిపోయింది. వరండాలో మంచం మీద కూర్చునే, వంటింట్లో అమ్మ కాస్తున్న నెయ్యి గురించి, "ఇక దించెయ్యవే, చప్పుడాగిపోయింది" అనేది. అమ్మ వెళ్ళి చూస్తే సరిగ్గా అయి ఉండేది. అప్పట్లో అది నాకు మాయలా అనిపించేది. తర్వాత కారణం అర్థమైంది. ఈ పాఠంలో మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా అదే.

వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు. 16 శాతం దాకా నీళ్ళు. మిగిలిన కాస్తా పాలలోని మాంసకృత్తులు, పాల చక్కెర. అంటే అరకిలో వెన్నలో 80 గ్రాముల దాకా నీళ్ళున్నాయి. ఇంట్లో చేత్తో తీసిన వెన్నలో ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి. నెయ్యి కాచడమంటే ఆ నీళ్ళని పంపించేసి, మిగిలిన పాల పదార్థాన్ని సరిపడా వేయించడం. అరకిలో వెన్నకి 400 గ్రాముల నెయ్యి వస్తే బాగా వచ్చినట్టే.

గిన్నెలో నీళ్ళున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటి పెద్దగా పైకి పోదు. పొయ్యి ఇచ్చే వేడంతా నీళ్ళని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అందుకే మొదట్లో మీరు కాస్త అటూ ఇటూ తిరిగినా ఏమీ కాదు. నీళ్ళు అయిపోగానే ఆపేవాళ్ళుండరు, వేడి గబగబా పెరుగుతుంది. 110 దాటి 120 వైపు వెళ్తుంటే అడుగున ఉన్న పాల పదార్థం ఎర్రబడుతుంది. కమ్మటి వాసన పుట్టేది అక్కడే, మాడేది కూడా అక్కడే. ఆ రెంటికీ మధ్య నిమిషమో రెండు నిమిషాలో. వెన్న కాగుతుంటే వినిపించే చప్పుడంతా నీటి ఆవిరి పైకి తన్నుకొచ్చే చప్పుడు. నీళ్ళు తగ్గితే చప్పుడు తగ్గుతుంది, అయిపోతే ఆగిపోతుంది. అమ్మమ్మ వినేది దాన్నే.

ఇక పొయ్యి దగ్గరికి వెళ్దాం. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకోండి. వెన్న సగం గిన్నెకి మించకూడదు, నురగ పైకి లేస్తుంది. పల్చటి గిన్నె అయితే అడుగు ఒకచోట మాడి, ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. మధ్యస్థం మంట మీద వెన్న కరిగి పొంగు వచ్చేదాకా ఉంచి, తర్వాత సిమ్‌లో పెట్టండి. మూత పెట్టొద్దు, ఆవిరి బయటికి పోవాలి.

మొదట తెల్లటి నురగ దట్టంగా కడుతుంది. కుతకుతమని పెద్ద బుడగలు, పెద్ద చప్పుడు. కింద ఏముందో కనిపించదు. పులిసిన మీగడ నుంచి తీసిన వెన్నయితే ఈ దశలో మజ్జిగ కాస్తున్నట్టు పుల్లటి వాసన వస్తుంది. కంగారు పడొద్దు, అది పోతుంది. అప్పుడప్పుడు గరిటెతో అడుగు గీకినట్టు ఒకసారి తిప్పితే చాలు.

కాసేపటికి నురగ పల్చబడి, బుడగలు చిన్నవవుతాయి. కుతకుత పోయి చిటచిట వస్తుంది. ఈ మార్పు వినబడగానే పొయ్యి దగ్గరికి వచ్చేయండి, ఇక ఫోన్ వచ్చినా కదలొద్దు. నురగని గరిటెతో పక్కకి తోసి చూస్తే నెయ్యి తేటగా, అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తాయి. అవి లేత పసుపుకి, ఆ తర్వాత గోధుమ రంగుకి తిరుగుతాయి. చిటచిట పల్చబడి దాదాపు ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడు పైన మళ్ళీ సన్నటి నురగ, మొదటిదానికంటే మెత్తగా, తేలిగ్గా లేస్తుంది. ఈ రెండో నురగ వచ్చిందంటే అయిపోయింది. స్టవ్ కట్టేసి, గిన్నెని బర్నర్ మీద నుంచి దించి పక్కన పెట్టండి. గిన్నె వేడికే పలుకులు ఇంకో వన్నె ఎర్రబడతాయి కాబట్టి మీకు కావలసిన రంగు కంటే ఒక వన్నె ముందే దించాలి.

ఆకు వేసే అలవాటున్నవాళ్ళు ఇప్పుడే వేయాలి. కరివేపాకు, తమలపాకు, మునగాకు, నాలుగు మెంతిగింజలు, ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. నేను మునగాకు రెబ్బ వేస్తాను, ఆ వాసన నాకిష్టం. ఏది వేసినా ఆకుని గుడ్డతో పొడిగా తుడవండి. తడి ఉంటే వేడి నెయ్యి చిమ్మి చెయ్యి కాలుతుంది.

పూస కట్టడానికి కల్లుప్పు రాళ్ళు వేయమని చాలామంది చెబుతారు. ఉప్పు కొవ్వులో కరగదు, అడుగుకి దిగిపోతుంది. పూస వచ్చేది నెయ్యి నెమ్మదిగా చల్లారడం వల్ల. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెడితే మైనంలా గడ్డకడుతుంది. వడకట్టాక సీసాని కదపకుండా రాత్రంతా బయటే ఉంచితే పూస అందంగా వస్తుంది. గేదె నెయ్యికి పూస పెద్దది, రంగు తెలుపు. ఆవు నెయ్యి పచ్చగా ఉంటుంది, ఎందుకంటే పచ్చగడ్డిలోని కెరోటిన్ ఆవు పాలలోకి అలాగే వస్తుంది, గేదె దాన్ని విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది. అందుకని తెల్లగా ఉందని నెయ్యిని అనుమానించకండి. మే నెలలో మన ఊళ్ళల్లో నెయ్యి అసలు పేరుకోకపోవచ్చు, అదీ తప్పు కాదు.

పది నిమిషాలు కదపకుండా ఉంచితే పలుకులు అడుగుకి చేరతాయి. అప్పుడు పైతేటని పొడిగా ఉన్న గాజు సీసాలోకో స్టీలు డబ్బాలోకో సన్న జల్లెడతో వడకట్టండి. సీసాలో ఒక్క నీటి చుక్క ఉన్నా నెయ్యి త్వరగా చెడిపోతుంది. అడుగున మిగిలిన గసిని పారేయొద్దు. వేడి అన్నంలో కాస్త ఉప్పుతో కలిపితే ఆ రుచి వేరు. పిల్లలకైతే పంచదార కలిపి పెట్టండి. చపాతీ పిండిలోనూ కలిసిపోతుంది.

తేడా వస్తే ఏం చేయాలో కూడా తెలిసుండాలి. చల్లారాక నెయ్యి మసకగా, పాల వాసనతో ఉంటే నీళ్ళు మిగిలాయని అర్థం. మళ్ళీ సిమ్‌లో పెట్టి చప్పుడు ఆగేదాకా కాయండి, బాగైపోతుంది. పలుకులు ముదురు గోధుమ రంగుకి వెళ్ళాయంటే వెంటనే ఇంకో గిన్నెలోకి వంచేయండి. పోపులకి పనికొస్తుంది. నల్లబడి కమురు వాసన వచ్చాక మాత్రం చేసేదేమీ లేదు. అనుమానం వస్తే కొంచెం ముందే దించండి, పచ్చిదాన్ని మళ్ళీ కాచుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు వెన్న కడ్డీలతో కాస్తుంటారు. అక్కడ ఒక పౌండు డబ్బాలో నాలుగు కడ్డీలు, మొత్తం 454 గ్రాములు. అందులో 360 గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. ఇంటి నెయ్యి వాసన రాలేదని వాళ్ళు బాధపడేది ఎందుకంటే, ఆ వెన్న ఎక్కువగా పులియని మీగడ నుంచి తీసింది. కల్చర్డ్ బటర్ అని రాసి ఉన్నది, ఉప్పు లేనిది కొని చూడండి. తోడేసిన మీగడకి దగ్గరగా వస్తుంది.

ఈ వారం అభ్యాసానికి 200 గ్రాముల వెన్న చాలు. పక్కన కాగితం పెట్టుకుని, కుతకుత ఎప్పుడు చిటచిటగా మారిందో, రెండో నురగ ఎప్పుడు లేచిందో నిమిషాలు రాయండి. ఆ లెక్క వచ్చేసారి చూసి కాయడానికి కాదు, ఒక్కో విడతకి ఎంత తేడా వస్తుందో మీకే కనబడటానికి. మూడోసారికి ఒక నిమిషం పక్క గదిలో నిలబడి, మీ ఇంట్లోవాళ్ళని పొయ్యి దగ్గర కాపలా ఉంచి, చప్పుడు వింటూ "దించండి" అని మీరే చెప్పి చూడండి.

నాలుగో పాఠంలో కొన్న నెయ్యి సంగతి. అరచేతిలో కరిగితే అసలుదనే పరీక్షని ఎందుకు నమ్మకూడదో, డబ్బా మీద ఏం చదవాలో చూద్దాం.