దూరం, గంటలు – 4వ పాఠం: హైదరాబాద్ నుంచి లండన్‌కి

ముందు పోయినసారి లెక్కకు జవాబు. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టి, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దూరం కొలవమన్నాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,250 కిలోమీటర్లు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద దారం దాదాపు 3 సెంటీమీటర్లు రావాలి. ఎక్కువ వచ్చిందంటే దారం వదులుగా పట్టుకున్నారు, బిగించి మళ్ళీ కొలవండి.

ఈసారి పెద్ద దూరం. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు, మన గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. అంటే ఒక్కో సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి లండన్‌కు దారం బిగించి చూడండి, 18 దాటి కాస్త వస్తుంది. సుమారు 7,750 కిలోమీటర్లు.

దారం ఎటు పోయిందో కూడా చూడండి. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే గీత ఇరాక్, టర్కీల మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం మాత్రం ఇంకా ఉత్తరంగా, కాస్పియన్ సముద్రం, ఉక్రెయిన్‌ల మీదుగా వెళ్తుంది. దగ్గరి దారి అదే. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి. అందుకే ఈ పాఠాలకు గ్లోబు కొనుక్కోమని మొదటి నుంచీ బతిమాలుతున్నాను.

ఇక గంటలు. పెద్ద జెట్ విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుందాం. 7,750ని 900తో భాగిస్తే 8 గంటల 40 నిమిషాలకు కాస్త తక్కువ. ఎక్కడానికి, దిగడానికి వేగం తగ్గుతుంది కాబట్టి అరగంట కలపండి. 9 గంటల 10 నిమిషాలు.

కానీ లండన్ వెళ్ళేటప్పుడు పది గంటల దాకా పడుతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. పైగా 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ గగనతలం ప్రయాణికుల విమానాలకు మూసేశారు. మన దారం చూపిన దారిలో ఇప్పుడు వెళ్ళలేరు, దక్షిణంగా చుట్టి వెళ్ళాలి.

అసలు తడబాటు టికెట్ చదవడంలో. ఉదయం 7కి హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12కి లండన్‌లో దిగుతుందని ఉందనుకోండి. ప్రయాణం 5 గంటలు కాదు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. మా పిన్ని కూతురు చలికాలంలో లండన్ వెళ్ళిన రోజు మధ్యాహ్నం 12 నుంచి ఇల్లంతా ఫోన్ దగ్గరే కూర్చుంది. అయిదున్నర గంటల టెన్షన్. సాయంత్రం అయిదున్నరకు దిగానని ఫోన్ చేసింది. విమానం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు!

కాబట్టి ముందు రెండు టైములనూ ఒకే గడియారంలోకి మార్చండి. చలికాలంలో లండన్ మనకంటే 5:30 గంటలు వెనక, వేసవిలో 4:30. చలికాలంలో మన ఉదయం 7 అంటే అక్కడ రాత్రి 1:30. అక్కడి నుంచి మధ్యాహ్నం 12కి పదిన్నర గంటలు. రన్‌వే దాకా వెళ్ళడం, దిగాక గేటు దాకా రావడం కూడా ఇందులోనే.

ఈ వారం లెక్క: చలికాలంలో లండన్‌లో మధ్యాహ్నం 1:30కి బయలుదేరిన విమానం మర్నాడు తెల్లవారుజామున 4:30కి హైదరాబాద్‌లో దిగింది. ఎన్ని గంటలు పట్టింది? వెళ్ళేటప్పటి కంటే ఎంత తగ్గింది?

5వ పాఠంలో గ్లోబు లేకుండా అక్షాంశ రేఖాంశాలతో దూరం కడదాం. సైన్, కొసైన్ బటన్లున్న కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.