వానలు మొదలవకముందే బండి స్టార్టింగ్ సంగతి చూసుకోండి

ఎండలు ఉన్నన్నాళ్లూ ఒక్క కిక్కుకే అందుకున్న బండి, మొదటి వాన పడ్డ మర్నాడు మొరాయిస్తుంది. ఆ జబ్బు వానతో వచ్చింది కాదు, చాలాసార్లు ముందునుంచీ లోపల ఉన్నదే, తడి తగిలేసరికి బయటపడుతుంది. అందుకే పొడిగా ఉన్న రోజు చూసుకుని బండి ముందు ఒక గంట కూర్చోండి.

ముందు బ్యాటరీ. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 కంటే తక్కువుంటే ఛార్జింగ్ పెట్టించండి, పెట్టించినా రెండ్రోజుల్లో దిగిపోతే దాదాపు దాని పని అయిపోయినట్టే. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే విప్పి శుభ్రం చేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇది తారుమారైతే స్పానర్ ఫ్రేముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి, దాని కొనలో మెరుపు దూకే గ్యాప్ చాలా బళ్లకు 0.7 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండిది మాన్యువల్‌లో రాసుంటుంది. కానీ నన్నడిగితే ప్లగ్ కన్నా ప్లగ్ క్యాప్‌నే ఎక్కువ అనుమానించాలి. ఒక వానాకాలం నేను వరసగా రెండు ప్లగ్గులు మార్చాను, లాభం లేదు, చివరికి ఒక రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా వంగి చూస్తే క్యాప్ పగులులోంచి నీలిరంగు మెరుపు బయటికి దూకుతోంది! మీరూ అలా చూడొచ్చు, కాకపోతే చెయ్యి మాత్రం పెట్టకండి, అక్కడ ఉండేవి వేల వోల్టులు.

ట్యాంకు మూత రబ్బరు ఎండిపోయినా, మూత చుట్టూ చేరిన నీళ్లు దిగే సన్నటి రంధ్రం మట్టితో మూసుకుపోయినా వాన నీళ్లు పెట్రోల్లో కలుస్తాయి. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. కార్బొరేటర్ బండైతే ఇంజిన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, కార్బొరేటర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంచెం గాజు సీసాలో పట్టండి, నీళ్లుంటే అడుగున వేరుగా తెలుస్తాయి. ఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండైతే తాళం తిప్పగానే పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మనాలి. ఆ చప్పుడు లేదంటే ముందు ఫ్యూజు, హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ చూడండి.

ఇంత చేసినా ఏదో ఒక పొద్దున స్టార్ట్ కాకపోవచ్చు. టెన్షన్ పడి సెల్ఫ్ అదేపనిగా నొక్కొద్దు, ఒక్కోసారి 5 సెకన్లు చాలు, మధ్యలో కాసేపు ఆగండి. టకటక చప్పుడే తప్ప ఇంజిన్ తిరగకపోతే ఎక్కువగా బ్యాటరీయే. బాగా తిరిగి కూడా అందుకోకపోతే ప్లగ్ మెరుపో పెట్రోలో అందట్లేదు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఓవర్‌ఫ్లో అయినట్టు, చోక్ తీసేసి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిపట్టి కొట్టండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఎఫ్‌ఐ బండిని తోసి స్టార్ట్ చేద్దామనుకుంటే ఆయాసమే మిగులుతుంది.

ఇక ఇంజిన్ మునిగేంత నీళ్లలో బండి నిలబడిపోయిందా, సెల్ఫ్ జోలికే పోవద్దు. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు, సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు తీసేసి, ప్లగ్ విప్పి, కిక్కుని చేత్తో మెల్లగా నొక్కుతూ నీళ్లు బయటికి రానివ్వండి. కిక్కు లేని బండైతే టాప్ గేర్లో వెనక చక్రం తిప్పండి. ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడండి. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడి కనిపిస్తే, అది మార్చేదాకా బండి స్టార్ట్ చేయకండి.